కాకి ముట్టని ముద్ద

మునసబు పోయిన మర్నాడు పొద్దున్నే పరామర్శకి వచ్చిన కనకరత్నం చేసిన తప్పల్లా ఒక్క మాట. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ ఊదుకుని తాగుతూ, “కుక్క చచ్చిందటగా అక్కగారూ” అన్నాడు.

వెంకటనరసమ్మ ఆ గ్లాసు అతని చేతిలోంచి లాక్కుంది. సగం కాఫీ ఇంకా అందులోనే ఉంది.

“మీ నాన్న పోయినప్పుడు నేను మీ గుమ్మంలోకొచ్చి, ముసలాడు చచ్చాడటగా అన్నానా?” అంది.

“అయ్యో, మా నాన్నా, కుక్కా ఒకటేనాండీ?”

“ఒకటని ఎవరన్నారు? మావాడు పన్నెండేళ్లలో ఒక్కనాడు తాగొచ్చి ఎవర్నీ తిట్టలేదు. పోయాడు అను. అను, కాఫీ ఇస్తాను.”

కనకరత్నం లోపలికి చూశాడు, గంగరాజు ఏమైనా అడ్డం వస్తాడేమోనని. గంగరాజు నోట్లో నాలుక లేని మనిషి, పైగా ఆమె మొగుడు. ఆయన తలుపు చాటునే ఉండిపోయాడు. “పోయాడండీ, పాపం” అన్నాడు కనకరత్నం. గ్లాసు తిరిగి చేతికొచ్చింది. ఆ తర్వాత ఆ ఊళ్లో వెంకటనరసమ్మ చెవిన పడేలా ‘చచ్చింది’ అన్నవాడు లేడు. వెనకాల ఏమనుకున్నారంటారా, వెనకాల ఎవర్ని ఏమనరు!

మునసబు అంటే కుక్కే. పన్నెండేళ్ల కిందట ఉప్పుటేరు ఎగదన్ని కొల్లేటి పక్క చెరువులన్నీ ఏకమైపోయిన ఏడాది, కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క గుబురు మీద కూర్చుని వచ్చాడు. అరచేతిలో పట్టేంత పిల్ల. వెంకటనరసమ్మ నడుంలోతు నీళ్లలోకి దిగి తీసుకొచ్చింది. మూడు నెలలు తిరక్కుండా ప్రతి పొద్దునా చెరువు గట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి, తోక పైకెత్తి, ఎవరి హద్దు ఎవరు జరిపారో చూస్తున్నట్టు నడవడం మొదలుపెట్టాడు. “వీడెవడే, మునసబుగారిలా ఉన్నాడు” అన్నాడు గంగరాజు. ఆ పేరే ఖాయమైంది.

పేరుకే మునసబు కాదు. మబ్బు పట్టిన రోజుల్లో చెరువులో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ సమయానికి నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ వెయ్యకపోతే ఏడాది కష్టం నీళ్లపాలే. ఎవరూ నేర్పకుండానే ఆ సంగతి నేర్చుకున్నాడు వాడు. చేప నోరు తెరిచిన చప్పుడుకి లేచి, గంగరాజు మంచం కోడు గీకి లేపేవాడు. అలా మూడుసార్లు చెరువు దక్కింది. అయినా వెంకటనరసమ్మ ఏడ్చింది అందుకు కాదు. చెరువు దక్కించాడని ఏడిస్తే అది మోటారు పోతే ఏడ్చినట్టు. ఆమె అన్నం తింటుంటే మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చునేవాడు చూడండీ, అదిగో, ఆ మోకాలు ఖాళీగా ఉందని ఏడ్చింది.

వాడికి జబ్బు చేసినప్పుడు ఏలూరు తీసుకెళ్లింది. డాక్టరు వయసైపోయిందమ్మా అన్నాడు. ఆ మాట నచ్చక పుట్టింటి పెంటపాడు వాళ్లతో చెప్పించుకుని, ఆటో కట్టించి గూడెం తీసుకెళ్లింది. తాడేపల్లిగూడెం డాక్టరూ అదే మాట, ఇంకాస్త మెత్తగా అన్నాడు. దారంతా వాడి తల ఒళ్లో పెట్టుకుని డాక్టర్లిద్దరినీ తిడుతూ వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం, ఆమె చేతిలోని పెరుగన్నం ముద్ద వాసన చూసి, తినకుండా, ఆ చెయ్యి ఒకసారి నాకి వెళ్లిపోయాడు.

చెరువు గట్టున కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీశారు. మట్టి వెయ్యబోతుంటే వెంకటనరసమ్మ గోతిలోకి వంగి వాడి తల మీద చెయ్యి వేసింది.

“ఒరేయ్, నీ మీద ఒట్టు. ఈ చేత్తో ఇంకో కుక్కకి ముద్ద పెట్టను” అంది.

పారలు పట్టుకున్న కూలీలు విన్నారు. సాయంత్రానికి ఊరంతా వింది. వెంకటనరసమ్మ ఒట్టంటే సామాన్యం కాదు మరి. ఆడపడుచు గుమ్మం తొక్కనని ఒకసారి అన్నందుకు తొమ్మిదేళ్లు తొక్కలేదు. ఆ ఇంట్లో పెళ్లయితే పందిట్లో నిలబడి అక్షింతలు గుమ్మంలోంచి విసిరింది. మాటంటే మాటే.

ఆరో రోజున కూతురు పద్మప్రియ వచ్చింది. ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తుంది. బస్సులో ఒళ్లో బుట్ట పెట్టుకుని వచ్చింది. బుట్టలో తెల్లగా, దూదిలా ఒక కుక్కపిల్ల.

“అమ్మా, చూడు ఎంత ముద్దుగా ఉందో” అంది.

“ముద్దుగానే ఉంది. తీసుకెళ్లిపో.”

“నువ్వు ఏడుస్తున్నావని నాన్న ఫోన్లో చెప్తే తెచ్చానమ్మా.”

“ఏడవనీ! నా ఏడుపు, నా ఇష్టం. ఎవరి గుమ్మంలోనన్నా ఏడ్చానా? ట్యూబులైటు పోతే కొత్తది బిగించుకుంటాం. వాడు ట్యూబులైటా?”

పద్మప్రియకి కోపమొచ్చింది, ఆ తల్లి కూతురే కదా. “అయితే ఈ పిల్లని నేనే పెంచుకుంటాను. నువ్వు ముట్టుకోమన్నా ముట్టుకోనివ్వను” అని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ బస్సు కిటికీలోంచి, “అన్నం తినమ్మా” అని అరిచింది. వెంకటనరసమ్మ ఆ పూట తిన్నది కూడా అందుకే.

పదకొండో రోజు దగ్గరికొచ్చేసరికి ఆమెకి మరో పట్టుదల పట్టుకుంది. పురోహితుడు కామేశంగారి ఇంటికి వెళ్లి, “ఎల్లుండి మా మునసబు పదకొండో రోజండి, గట్టు మీదకి రావాలి మీరు” అంది.

కామేశం కళ్లజోడు తీశాడు. “కుక్కకి కర్మ చేయించమంటారా అమ్మా? శాస్త్రం ఒప్పుకోదే!”

“ఒప్పుకోకపోతే మంత్రాలు చదవకండి. ఊరికే వచ్చి నిలబడండి. కరెంటు పోయిన రాత్రుల్లో మిమ్మల్ని మా వీధి చివరిదాకా దిగబెట్టినవాడు వాడు. మంత్రం చదివి దిగబెట్టాడా?”

కామేశం వచ్చాడు. ఆకులో అన్నం, దాని మీద మునసబుకి ఇష్టమైన చిన్నచేపల ఇగురు, పక్కన గడ్డపెరుగు. పంతులుగారు ఆ వాసనకి ఎదురుగాలి వైపు చూసుకుని, గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. వెంకటనరసమ్మ ఆకు కొబ్బరిచెట్టు కింద పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చింది. ఇక కాకి రావాలి. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు, ఇదిగో ఇది తీరుస్తాం, అది తీరుస్తాం అని మాటిస్తూ నిలబడాలి.

చేపల చెరువు గట్టున కాకులకి కరువేమిటి చెప్పండి! మామూలు రోజుల్లో నెత్తిమీద కూర్చుంటాయి. ఆ పూట ఒక్కటీ లేదు. కొంగలు వచ్చాయి, చూశాయి, వెళ్లాయి. అరగంట గడిచింది.

“నువ్వు పడుకునే గోనెపట్టా మంచం కిందే ఉంచుతాన్రా, తియ్యను” అన్నాడు గంగరాజు. కాకి రాలేదు. “కనకరత్నం బాతుల్ని తరమాలని ఉండిపోయిందేమోరా నీకు. నీ బదులు నేను తరుముతాన్లే” అన్నాడు. పక్క చెరువు గట్టున తన బాతుల మధ్య నిలబడి తమాషా చూస్తున్న కనకరత్నం, “ఏవండోయ్ బావగారూ!” అని కేక వేశాడు. కాకి మాత్రం రాలేదు.

వచ్చింది కుక్క. తుంగలోంచి వచ్చింది. మట్టిరంగుది, ఆడది, ఒక చెవి చిరిగింది, ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఎవరి వంకా చూడలేదు. నాలుగు గుటకల్లో అన్నం, ఇగురు, పెరుగు అన్నీ అయిపోయాయి. ఆకు కూడా నాకింది.

వెంకటనరసమ్మ కొంగు నడుముకి దోపింది. “దొంగముండా! వాడి కూడు తింటావే! నీ కడుపు కాలా!” అని మట్టిబెడ్డ తీసి విసిరింది. అది వెనక్కాలికి తగిలింది. కుక్క కుయ్యిమని, కుంటుకుంటూ తుంగలోకి పోయింది. కామేశం గొడుగు మడుచుకుని, ఏదో అనబోయి, అనకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

అంతటితో ఊరుకుంటే ఆమె వెంకటనరసమ్మ ఎలా అవుతుంది! కాకి ముట్టేదాకా పెడతానంది. రోజూ పొద్దున్నే ఆకులో ముద్ద పట్టుకుని గట్టుకి రావడం, చెట్టు కింద పెట్టడం, వెనక్కి వచ్చి నిలబడడం. రోజూ కాకి కంటే ముందు ఆ చిరుగుచెవి కుక్క రావడం, తినడం. ఈమె తిట్టడం, బెడ్డలు విసరడం. దెబ్బ తప్పించుకోవడం అది నేర్చుకుంది, తినడం మాత్రం మానలేదు. సిగ్గూ లేదు, భయమూ లేదు, ఆకలి ఒక్కటే ఉంది దానికి.

పది రోజులయ్యాక గంగరాజు మేత బస్తా దింపుకుంటూ, “నీ గురి తప్పుతోందే నరసా” అన్నాడు.

“కంటికి అద్దాలు రావాలేమోలెండి.”

“ముద్ద కూడా పెద్దదవుతోంది.”

“కాకులు ఎక్కువున్నాయి.”

“ఏవీ?”

ఆమె అడుగులు గట్టిగా వేసుకుంటూ ఇంటికెళ్లిపోయింది.

కనకరత్నం ఊరుకునే మనిషి కాదు. గట్టు అవతల నుంచి, “అక్కగారూ, మీ కాకికి నాలుగు కాళ్లున్నాయేంటండీ! ఒట్టు జాగ్రత్త!” అనేవాడు.

“నా ఒట్టు నాకు తెలుసు. నేను పెట్టేది కాకికి. చేత్తో ఎవరికీ పెట్టలేదు, ఆకులో పెట్టాను. నీ బాతులు నువ్వు లెక్కపెట్టుకో” అనేది ఈమె.

ముద్ద పెట్టడం మొదలుపెట్టిన ఇరవయ్యో రోజు కాబోలు. ముద్ద పెట్టి వెనక్కి వచ్చి నిలబడింది. కుక్క రాలేదు. తుంగలో అలికిడి లేదు. వెంకటనరసమ్మ మెడ సాచి అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. ఇంతలో ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి ఆకు పక్కన వాలింది. నల్లగా నిగనిగలాడుతూ రెండు గెంతులు గెంతి, తల వంచి, ముక్కు ముద్దలో పెట్టబోయింది.

“హుష్! హుష్, పో!” అని వెంకటనరసమ్మ చెయ్యి విదిలించింది.

కాకి ఎగిరిపోయింది.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది ఆమెది. ఏం చేసింది తను? ఇన్నాళ్లు దేనికోసం ఎండలో నిలబడిందో అది వస్తే, తన చేత్తో తనే తోలేసింది. ఎవరి కోసం? ఆ దిక్కుమాలినదానికి ముద్ద దక్కదని! గట్టు మీదే కూలబడింది. కొబ్బరిచెట్టు వంక చూడడానికి మొహం చెల్లలేదు. వాడు వెళ్లి నెల కాలేదు. పన్నెండేళ్లు మోకాలి మీద గడ్డం ఆనించినవాణ్ణి నెల తిరక్కుండా మోసం చేసిన మనిషిని నేను అనుకుంది. ఒట్టు తప్పితే పాపమని కాదు ఆమె భయం. పాపాలకి ఆమె ఎప్పుడూ భయపడలేదు. ఈ చెయ్యి ఇంకోదానికి అలవాటు పడితే వాడు నిజంగా పోయినట్టే, ఇక ఎక్కడా ఉండడు, అదీ ఆమె భయం. కుక్క ఆలస్యంగా, కుంటుతూ వచ్చింది. ఆమెకి నాలుగు గజాల దూరంలో ముద్ద తిని, మొదటిసారి వెంటనే పారిపోకుండా కూర్చుని ఆమె వంక చూసింది. ఆమె మొహం తిప్పుకుంది.

అక్కడినుంచి తిన్నగా కామేశం ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

“పంతులుగారూ, ఒట్టు తప్పితే ఎవరికి తగులుతుందండీ?”

“ఎవరి మీద వేస్తే వాళ్లకి తగులుతుందంటారమ్మా.”

“పోయినవాళ్ల మీద వేస్తే?”

కామేశం కాయ పక్కన పెట్టాడు. “పోయినవాళ్లకి ఇంకేం తగులుతుందమ్మా! తగలాల్సిందంతా తగిలే కదా పోయేది.”

“నేను ఇవాళ కాకిని తోలేశానండి” అంది వెంకటనరసమ్మ. అని, జరిగింది చెప్పింది. చెప్తూ చెప్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంతులుగారు ఎన్నో ఇళ్లలో ఎంతోమంది ఏడుపు చూసినవాడు. అది అయ్యేదాకా ఆగాడు.

“ఆ రోజు గట్టు మీదే చెప్దామనుకున్నాను, మీ చేతిలో మట్టిబెడ్డ ఉంది, అందుకని చెప్పలేదు” అన్నాడు. “మనిషి పోతే కాకి రావాలన్నారు పెద్దలు. కుక్క పోతే కాకి ఎందుకు రావాలమ్మా? కుక్కే వస్తుంది. పదకొండో రోజు మొదటి ముద్దే ముట్టింది. మీరే ఒప్పుకోలేదు.”

“వేళాకోళమాండీ?”

“శాస్త్రంలో లేదమ్మా. నా సొంత మాట.”

వెంకటనరసమ్మ లేచి ఇంటిదారి పట్టింది. కోపమొచ్చిందో, మరేమొచ్చిందో ఆమెకే తెలియలేదు. ఒక బ్రాహ్మడు మంత్రం లేకుండా చెప్పిన మాట నమ్మొచ్చా అని దారంతా తనతో తనే కొట్లాడుకుంది.

ఆ మర్నాడు చెరువు పట్టుబడి. వల లాగేవాళ్లు పదిమంది, ఐసు పెట్టెల లారీ, చేపలు తూచే కాటా, గట్టంతా జాతరలా ఉంది. వెంకటనరసమ్మ అందరికీ పెసరట్లు పంపించి, గంగరాజుకి అన్నం క్యారేజీ పట్టుకుని తొమ్మిదింటికి గట్టెక్కింది. ఎక్కేసరికి కొబ్బరిచెట్టు దగ్గర గోల. కనకరత్నం, అతని మనుషులిద్దరు, ఒక గోనెసంచి. చిరుగుచెవి కుక్కని పక్కనే ఉన్న మోటారు షెడ్డు మూలకి తోసి, ముగ్గురూ మూడువైపులా కాశారు. అది గోడకి అంటుకుపోయి పళ్లు చూపిస్తోంది.

“ఏవిటిది?” అంది వెంకటనరసమ్మ.

“మీరెళ్లండి అక్కగారూ. నిన్న నా బాతుపిల్ల ఒకటి కనిపించలేదు. దీన్ని సంచిలో వేసి ఉప్పుటేరు అవతల వదిలేసి వస్తారు మావాళ్లు.”

“ఇది తినడం చూశావా?”

“చూడాలేంటండీ! పైగా ఆడది. రేపు ఆరు పిల్లల్ని పెడితే గట్టంతా కుక్కలే.”

“ఆడదైతే? నువ్వు మగాడి కడుపున పుట్టావా?”

వల లాగేవాళ్లు నవ్వారు. నీళ్లలో ఉన్నవాళ్లు కూడా వల వదలకుండానే మెడలు తిప్పి చూస్తున్నారు. అంతమంది ముందు నవ్వులపాలయ్యేసరికి కనకరత్నానికి పౌరుషమొచ్చింది. గొంతు మాత్రం మర్యాదగానే ఉంచాడు.

“అది కాదండీ. మునసబు మీద ఒట్టేశారు మీరు. ఊరంతా విన్నాం. మీ మాటంటే మాటేనని మేమే పదిమందికి చెప్పుకుంటాం. మరి మీకూ దీనికీ ఏంటండీ సంబంధం? మీది కాదుగా ఇది?”

ఆ మాట సూటిగా తగిలింది. అవునంటే ఒట్టు తప్పిన మనిషి, ఈ గట్టు మీద ఇక ఆమె మాటకి విలువుండదు. కాదంటే కుక్క సంచిలోకి వెళ్తుంది. గంగరాజు కాటా దగ్గరినుంచి చూస్తున్నాడు. తన భార్య పదిమందిలో జవాబు వెతుక్కోవడం ముప్ఫైరెండేళ్ల కాపురంలో ఆయన ఎప్పుడూ చూడలేదు. వెంకటనరసమ్మ కొబ్బరిచెట్టు మొదలు వంక చూసింది. నిన్నటిలా మొహం తిప్పుకోలేదు, బాగా చూసింది. ఒరేయ్, నువ్వు గుర్రపుడెక్క మీద కొట్టుకొస్తుంటే నిన్నెవడు నాది అన్నాడురా, నేను దిగాను గనక నావాడివయ్యావు అనుకుంది.

“ఒట్టు తీసి గట్టున పెట్టాను” అంది పైకి.

ఎవరికీ ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వల అంతా ఊగేలా నవ్వారు. చిన్నపిల్లలు ఆటలో, బెల్లంముక్క దగ్గర అనుకునే మాట అది. యాభయ్యారేళ్ల మనిషి, మాట కోసం తొమ్మిదేళ్లు గుమ్మం తొక్కని మనిషి, పదిమంది మగాళ్ల ముందు అంది.

“ఇదేం మాటండీ, చిన్నపిల్లల్లా” అన్నాడు కనకరత్నం.

“నవ్వండి, బాగా నవ్వండి. ఇదిగో గట్టు, ఇక్కడే పెట్టాను. అంత కావలసినవాడివైతే ఆ ఒట్టు పట్టుకెళ్లి మీ ఇంట్లో పెట్టుకో. సంచి తీసి పక్కకి జరుగు.”

జరిగాడు. జరక్క ఏం చేస్తాడు! ఆమె అప్పటికే అతన్ని దాటేసింది.

మోటారు షెడ్డు ముందు బురదలోనే గొంతుక్కూర్చుంది. క్యారేజీ విప్పింది. గంగరాజు కోసం తెచ్చిన అన్నంలో చేపలపులుసు కలిపి, ముల్లు ఏరి, ముద్ద చేసింది. ఆకు లేదు, ఏమీ లేదు. ఆ చెయ్యే చాపింది. “రా. రావే తల్లీ. తిను” అంది.

కుక్క చెయ్యి వంక చూసింది. ఆ చేతినుంచి ఇన్నాళ్లూ బెడ్డలే వచ్చాయి. ఆకలో, భయమో, రెండూనో, ఒక్క ఉదుటున ముందుకొచ్చి ముద్దతోపాటు చెయ్యి కూడా కరిచింది. బొటనవేలి మొదట్లో రెండు పళ్లు దిగాయి.

“అదిగో! చెప్పానా!” అని కనకరత్నం కాలి చెప్పు తీశాడు. “కుక్కకాటుకి చెప్పుదెబ్బన్నారు!”

“ఆ చెప్పు కాలికి తొడుక్కో” అంది వెంకటనరసమ్మ, చెయ్యి వెనక్కి లాక్కోకుండానే. “ఇరవై రోజులు కొట్టాను నేను దాన్ని. అది ఒక్కసారి కరిచింది. నేనైతే మొదటిరోజే కరిచేదాన్ని.”

రక్తం, పులుసు కలిసి మోచేతిదాకా కారుతున్నాయి. కుక్క నోట్లో ముద్ద మింగింది. కింద పడ్డ మెతుకులు ఏరుకుంది. ఇంకా ఆ చెయ్యి అక్కడే ఉండేసరికి, ఒకసారి వాసన చూసి, వేళ్ల సందుల్లో మిగిలిన అన్నం నాకడం మొదలుపెట్టింది. అప్పుడు ఏడ్చింది వెంకటనరసమ్మ. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. అందరి ముందూ భోరుమని ఏడ్చింది. ఆఖరి రోజు మునసబు ముద్ద వదిలేసి నాకిన చెయ్యి కూడా అదే.

“వాణ్ణి మర్చిపోయాననుకుంటారేమో ఎవరన్నా! మర్చిపోలేదు. వాడు వాడే. ఇది ఇదే” అంది ఏడుపు మధ్యలో, ఎవరూ ఏమీ అడక్కుండానే.

ఎవరూ నవ్వలేదు. నీళ్లలోవాళ్లు మళ్లీ వల లాగడం మొదలుపెట్టారు. కనకరత్నం సంచి మడిచి చంకలో పెట్టుకుని, “బాతుల జోలికి రాకుండా చూడండి మరి” అని గొణిగి, తన గట్టుకి నడిచాడు.

గంగరాజు కాటా వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మోటారు వేసి, పైపు కింద ఆమె చెయ్యి పెట్టించి, సబ్బు రాసి కడిగాడు. కుక్క ఆ నీళ్లలోనే నిలబడి చూస్తోంది. “ఇది కాపలా అదీ కాస్తుందంటావా?” అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

“మీరు కాస్తున్నారు కదా, చాల్లెండి. దాన్ని తిననివ్వండి” అంది.

మిగిలిన క్యారేజీ అంతా దాని ముందు బోర్లించి, స్కూటర్ ఎక్కారు. ఏలూరు పెద్దాసుపత్రిలో కుక్కకాటు సూదులిచ్చే గది ముందు వరసలో గంట నిలబడ్డారు. లోపల నర్సు, పాతికేళ్ల పిల్ల, గాయం చూసి, మందు రాసి, పుస్తకం తెరిచింది. సూదులు ఎన్ని, ఏ రోజుల్లో రావాలో చెప్పింది. కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాలంది.

“వీధికుక్కాండీ, పెంపుడుదా?” అంది కలం పట్టుకుని.

గంగరాజు వీధికుక్కే అనబోయాడు. వెంకటనరసమ్మ ఆయన మోచెయ్యి నొక్కింది.

“పెంపుడుదేనండి. మాదే” అంది.

“ఎన్నాళ్లనించి పెంచుతున్నారు?”

“ఇవాళ పొద్దుటినించండి.”